అద్దె తక్కువ ఫ్లాట్



ఇవాళ దయ్యాల కబుర్లు చెప్పుకుందాం. భోజనాలయ్యాక పట్టపగలు చెప్పుకునేవి కనక భయపడనక్కర్లేదు. పైగా ఇది చింతచెట్టు మీది దయ్యం కాదు. పట్నంలో, లిఫ్టు ఎక్కి వెళ్ళవలసిన ఎత్తైన ఫ్లాట్‌లో కాపురమున్న దయ్యం.

2003 మే నెలాఖరున "భూత్" అనే హిందీ చిత్రం విడుదలైంది. తీసింది మన తెలుగువాడే, రామ్ గోపాల్ వర్మ. అజయ్ దేవగణ్, ఊర్మిళా మాతోండ్కర్ భార్యాభర్తలుగా వేశారు. అందులో పాటలు లేవు, హాస్యగాళ్ళ గోల లేదు. సినిమా అంతా ఒక కాపురం, ఒక ఫ్లాట్, పైకీ కిందికీ తిరిగే లిఫ్టు. అంతే. భయపెట్టే ఘట్టాల గురించి అందరూ చెప్పుకున్నారు. నాకు మాత్రం అన్నిటికన్నా భయంకరమైన ఘట్టం మొదట్లోనే, ఏ చప్పుడూ లేకుండా జరిగిపోయిందనిపిస్తుంది.

ఏమిటంటారా? భర్త ఇల్లు చూసుకుంటాడు. అంత పెద్ద ఫ్లాట్, ఆ గాలి, ఆ వెలుతురు, అద్దె మాత్రం చిత్రంగా తక్కువ. ఎందుకు తక్కువో ఆయనకి తెలుస్తుంది. ఇదివరకు ఆ ఇంట్లో మంజీత్ అనే వితంతువు చిన్న కొడుకుతో ఉండేది. పిల్లవాణ్ణి చంపి తను కిందికి దూకి చచ్చిపోయిందని చెప్పుకుంటారు. సరే, ఈ కాలంలో ఇవన్నీ నమ్ముతామా ఏమిటి, అనుకుని ఆయన ఇల్లు తీసుకుంటాడు. తీసుకున్నందుకు నేనేమీ అనను. కాని ఆ సంగతి ఇంటావిడకి చెప్పడు. పొద్దస్తమానం ఆ గోడల మధ్య ఉండవలసింది ఆవిడ. వంటింట్లో ఒంటరిగా తిరగవలసింది ఆవిడ. ఆయన పొద్దున్నే బూట్లు వేసుకుని వెళ్ళిపోతాడు. ఇంటి చరిత్ర మాత్రం ఆయన జేబులో ఉంటుంది.

తరవాత ఎలాగో ఆవిడకి తెలుస్తుంది. తెలిశాక ఆవిడకి వచ్చింది భయం కాదు, కోపం! దయ్యాలంటే ఆవిడకి నమ్మకమే లేదు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నదొక్కటే ఆవిడ బాధ. ఈ సంగతి దర్శకుడు బాగా పట్టుకున్నాడు. మన ఆడవాళ్ళకి చాలామందికి ఈ కోపం తెలుసు. అప్పు చేసిన సంగతి, ఉద్యోగం పోయిన సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, అన్నీ "నువ్వు భయపడతావని చెప్పలేదు" అంటూ ఆఖరున బయటికొస్తాయి. భయం తగ్గించామనుకుంటారు గాని, అది రెట్టింపవుతుంది.

మన గోదావరి జిల్లాల్లో పూర్వం ఇలా ఇల్లు దొరికేది కాదు. అంటే, కథ తెలియకుండా దొరికేది కాదని నా ఉద్దేశం. అమలాపురం వైపో, పాలకొల్లు వైపో ఒక వీధిలో వాటా ఖాళీగా ఉందని విని వెళ్ళామనుకోండి. వీధి మొదట్లో అరుగు మీద కూర్చున్న మామ్మగారే చెప్పేస్తారు: "ఆ ఇల్లా అమ్మా? నుయ్యి మంచిది, పెరడు మంచిది. పెద్దకోడలు పోయాక వాళ్ళు కలిసి రాలేదు గాని, ఇంటిది ఏ తప్పూ లేదు." అడగకుండానే మూడు తరాల చరిత్ర. పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, పోయిన తీరు, దాని మీద ఆవిడ సొంత అభిప్రాయం, అన్నీ ఉచితం! మండువా లోగిలి కట్టుబడే అలాంటిది. నడుమ ఆకాశం కనిపిస్తూ ఉంటుంది, చుట్టూ వసారా, ఒక గదిలో ఏడిస్తే నాలుగు గదుల్లోనూ వినిపిస్తుంది. దాంట్లో మనసు విప్పుకునే చోటు లేదని కోడళ్ళు బాధపడిన మాట నిజం. రహస్యానికి చోటు లేదన్నదీ అంతే నిజం.

అందుకనే కాబోలు, మన పాత దయ్యాలు ఇళ్ళలో ఉండేవి కావు. కాలవ గట్టున, ఊరి బయట చింతచెట్టు మీద, శ్మశానం దారిలో కొరివి దయ్యాలై తిరుగుతుండేవి. ఇంట్లో ఉంటే అది పాడుబడి, తాళం వేసి ఉన్న మేడ అయ్యుండాలి. సినిమాలవాళ్ళు కూడా చాలాకాలం ఆ కోటలనీ మేడలనీ నమ్ముకున్నారు. పాలకొల్లులో పుట్టిన కోడి రామకృష్ణ 2009లో "అరుంధతి" తీసినా, దాంట్లో ప్రేతం ఉన్నది పాడుపడ్డ కోటలోనే.

రామ్ గోపాల్ వర్మ సినిమాలు వరసగా చూస్తే, దయ్యం ఇల్లు మారుతూ వచ్చిన దారి కనపడుతుంది. 1992లో "రాత్రి" వచ్చింది, రేవతి కథానాయిక. ఒక మామూలు కుటుంబం పట్నంలో ఇల్లు తీసుకుని చేరుతుంది, ఆ ఇంటి కింద నేలమాళిగ ఉంటుంది. 1996లో "దెయ్యం" వచ్చింది, జయసుధ, మహేశ్వరి, జె.డి. చక్రవర్తి. అక్కడ ఊరికి దూరంగా ఉన్న ఇల్లు. 2003కి వచ్చేసరికి నేలమాళిగ లేదు, తోట లేదు, పాత తలుపుల కిర్రుమనే చప్పుడు లేదు. నున్నగా పాలిషు పట్టిన గచ్చు, పెద్ద పెద్ద అద్దాల కిటికీలు. మన అబ్బాయి హైదరాబాదులో కొనుక్కున్న ఫ్లాట్ లాంటిదే. అక్కడికి దయ్యం రావడంతో మనకి గుండె జారింది. కోటలోకి మనం వెళ్ళం, ఫ్లాట్‌లో మనం ఉంటాం.

2009లో విక్రమ్ కుమార్ తమిళంలోనూ హిందీలోనూ తీసిన మరో చిత్రం ఉంది. హిందీలో దాని పేరు "13 బి". తరవాత మన తెలుగులో "ఇష్క్", "మనం" తీసినది ఈయనే. ఎనిమిదిమంది ఉన్న ఉమ్మడి కుటుంబం అప్పు చేసి పదమూడో అంతస్తులో కొత్త ఫ్లాట్ కొనుక్కుంటుంది. కొత్తింట్లో పాలు పొంగించుకోవడం మనకెంత ముఖ్యమో మీకు చెప్పాలా? అక్కడ పాలు విరిగిపోతాయి. పూజగది గోడకి మేకు దిగదు. ఇంట్లో ఆడవాళ్ళందరూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక సీరియల్ చూస్తుంటారు. ఆ సీరియల్‌లో జరిగేదే మర్నాడు వీళ్ళింట్లో జరుగుతుంది. ఆడవాళ్ళు రోజూ చూస్తున్నా గమనించరట, ఇంటబ్బాయి మాధవన్ ఒక్కడే గమనిస్తాడట! సీరియల్ చూసే ఆడదానికి అంతమాత్రం తెలియదని దర్శకుడుగారు ఎలా అనుకున్నారో మరి. అది పక్కన పెడితే, ఆ కథలోనూ అసలు గుట్టు ఒకటే. ఆ కట్టడం లేచిన చోట అంతకుముందు ఒక ఇల్లుండేది. 1977లో ఆ ఇంట్లో ఎనిమిదిమంది హత్యకి గురయ్యారు. ఇల్లు పడగొట్టి, చదును చేసి, పదమూడు అంతస్తులు లేపేస్తే ఆ కథ మట్టిలో కలిసిపోయిందనుకున్నారు.

ఇలాంటి అపార్ట్‌మెంట్ కథలన్నిటికీ పెద్దమ్మ లాంటిది అమెరికా సినిమా ఒకటుంది. ఐరా లెవిన్ 1967లో రాసిన నవలని మరుసటి ఏడాది రోమన్ పొలాన్‌స్కీ తెరకెక్కించాడు. పేరు "రోజ్‌మేరీస్ బేబీ". న్యూయార్క్‌లో ఒక పాత పెద్ద భవనంలో కొత్త దంపతులు ఫ్లాట్ తీసుకుంటారు. బయటినుంచి చూపించిన భవనం నిజంగా ఉన్నదే, 1880, 1884ల మధ్య కట్టిన "డకోటా". పాటగాడు జాన్ లెనన్‌ని 1980 డిసెంబరు 8న కాల్చి చంపింది దాని వాకిట్లోనే. సినిమాలో దాని పేరు మార్చారు. అక్కడ ఒక పెద్దాయన ముందే హెచ్చరిస్తాడు, ఆ భవనానికి మంచి పేరు లేదమ్మా అని. అయినా చేరతారు. పక్క వాటాలో ముసలి దంపతులు ఎంతో ఆప్యాయంగా ఉంటారు. రోజ్‌మేరీ కడుపుతో ఉందని తెలియగానే డాక్టర్ని వాళ్ళే కుదురుస్తారు, రోజూ ఏదో కషాయం కలిపి తెచ్చి దగ్గరుండి తాగిస్తారు. ఆ అమ్మాయి చిక్కి శల్యమైపోతుంటుంది. నొప్పిగా ఉందంటే అది మామూలే అంటారు. చివరికి తప్పించుకుని వేరే డాక్టరు దగ్గరికి పరిగెత్తి మొత్తం చెప్పుకుంటే, ఆయన ఓపిగ్గా విని, పడుకోమని, ఆవిడ మొగుడికి కబురుపెడతాడు! మొగుడు తన ఉద్యోగంలో పైకి రావడం కోసం ఆవిడని ఎప్పుడో అమ్మేశాడు. ఈ సినిమాలో దయ్యాన్ని సరిగ్గా చూపించనైనా లేదు. ఒక కడుపుతో ఉన్న పిల్ల చెప్పే మాట ఒక్కరూ వినకపోతే ఎలా ఉంటుందో చూపించారు.

"భూత్" దగ్గరికి తిరిగి వద్దాం. దానికి నేపథ్య సంగీతం సలీం-సులేమాన్‌లది. పాట లేకపోబట్టి మన చెవి ప్రతి చిన్న చప్పుడు కోసం పొంచి ఉంటుంది. రేడియో వినేవాళ్ళకి ఈ రహస్యం బాగా తెలుసు, భయం ముందుగా చెవిలోంచే వస్తుంది. ఫ్లాట్లలో చప్పుళ్ళకి కొదవ కూడా లేదు. పొద్దల్లా ఎండకి కాగిన స్లాబు రాత్రి చల్లబడుతూ ముడుచుకునేటప్పుడు టిక్కుమంటుంది. పై అంతస్తులో ఎవరో కొళాయి టక్కున కట్టేస్తే, గొట్టంలో పరిగెడుతున్న నీరు ఒక్కసారి ఆగి ఢీకొని, మూడు వాటాల అవతల గోడలో ఎవరో తట్టినట్టు వినిపిస్తుంది. పై ట్యాంకుకి నీళ్ళెక్కించే మోటారు ఆగినప్పుడూ అంతే. పల్లెలో పెద్ద లోగిలి నుంచి కొడుకు ఫ్లాట్‌కి కొత్తగా వచ్చిన అత్తగార్లు మొదటి నెల్లాళ్ళూ నిద్రపట్టక అవస్థపడేది దీనితోనే. అక్కడ చప్పుడు చేసేది పిల్లో, కొబ్బరి మట్టో చూస్తే తెలిసేది. ఇక్కడ చప్పుడుకి మనిషి లేడు.

ఇక కథ. ఊర్మిళ వేసిన స్వాతి రాత్రిళ్ళు నిద్రలో లేచి నడుస్తుంది. ఇంట్లో ఎవరో ఆడమనిషి కనపడుతోందంటుంది. కింద వాచ్‌మన్ మెడ విరిగి చచ్చిపడి ఉంటాడు. పోలీసులొస్తారు. డాక్టరొస్తాడు, లాభం ఉండదు. అప్పుడు అసలు సంగతి కనిపెట్టింది ఎవరనుకున్నారు? పనిమనిషి. ఆ వేషం సీమా బిశ్వాస్‌ది. స్వాతి అరిచిన అరుపు వినగానే ఆవిడ గుర్తుపడుతుంది, ఇది మంజీత్ గొంతు అని. పోలీసు ఇన్‌స్పెక్టరు చూడలేనిది, చదువుకున్న భర్త, డాక్టరు పట్టుకోలేనిది అంట్లు తోమే మనిషి పట్టుకుంది. ఆవిడ ఆ ఇంట్లో ఇదివరకు కూడా పనిచేసింది మరి. భవనం మొత్తంలో ఆ చచ్చిపోయినావిడ గొంతు జ్ఞాపకం ఉన్న మనిషి ఆవిడొక్కతే.

ఆవిడ చెప్పగా రేఖ వేసిన సరిత అనే మంత్రగత్తె వస్తుంది. సరిత సలహా మీద మంజీత్ తల్లిని వెతుక్కుంటూ వెళ్తారు. ఆ తల్లి తనూజ. నా కూతురు ఆత్మహత్య చేసుకునే మనిషి కాదని ఆవిడంటుంది. నిజమే, ఆత్మహత్య కాదు. ఫ్లాట్ సొంతదారుడి కొడుకు ఆవిడ మీద కన్నేసి, ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి చెయ్యిపట్టుకుంటే, ఆ పెనుగులాటలో ఆవిడ పైనుంచి పడిపోయింది. చూసిన పిల్లవాణ్ణి వాచ్‌మన్‌కి డబ్బిచ్చి చంపించారు. ఆ పైన ఊరంతా ఏమనుకుంది? తల్లే బిడ్డని చంపి తను చచ్చిందని!

ఇది వింటే నాకు మన పేరంటాళ్ళు గుర్తొస్తారు. పేరంటాలంటే పసుపు కుంకాలకి పిలిచే ముత్తైదువ అని ఒక అర్థం. అకాలంగానో అన్యాయంగానో పోయి, తరవాత ఊరివాళ్ళ పూజలందుకునే స్త్రీ అని రెండో అర్థం. మన ఊళ్ళ పొలిమేరల్లో, చెరువు గట్ల మీద పేరంటాలమ్మ గుళ్ళు చూస్తూనే ఉంటాం. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి జనం ఎలా తరలివెళ్తారో తెలిసిందే. ఆవిడ కథ కూడా అత్తింటి ఆరళ్ళు, నిందలు, చివరికి అగ్నిలో కలిసిపోవడం. ఇలాంటి గుడి దగ్గర నిలబడి కథ అడిగితే పూజారో, పసుపు అమ్మే ఆవిడో మొదలుపెట్టి చెప్పేస్తారు. ఎవరి కోడలు, ఎవరు ఏమన్నారు, ఆవిడ ఏం చేసింది. ఆ చావు దాచిన చావు కాదు. ఏటా ఒకసారి డప్పులు కొట్టి మరీ చెప్పుకుంటారు.

అలాగని పల్లె గొప్పది, పట్నం చెడ్డదని నేను అనను. గుడి కట్టారు గాని, ఆవిణ్ణి ఆ స్థితికి తెచ్చినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. నిందవేసిన నోళ్ళే మర్నాడు మొక్కుకున్నాయి. దణ్ణం పెట్టడం తేలిక, బతికుండగా ఒక్క మాట అడ్డం వెయ్యడం కష్టం. కాని పల్లెలో ఆవిడ కథ మిగిలింది. పట్నంలో మంజీత్‌కి గుడి లేదు, కథ కూడా లేదు, ఒక అబద్ధం మాత్రమే ఉంది. దాంతో ఆవిడ దయ్యమైంది. పల్లెలో అయితే పేరంటాలు అయ్యేది కాబోలు.

ఆడవాళ్ళు "కాలు జారి" నూతిలో పడ్డారనీ, "కడుపునొప్పి భరించలేక" మందు తాగారనీ రాసిన కాగితాలు మన కాలవల వెంబడి ఊళ్ళకి కొత్త కాదు. పెళ్ళైన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోస్టుమార్టం జరగాలి. మేజిస్ట్రేటు స్థాయి అధికారి విచారణ చెయ్యాలి. దానికోసం 1983లో చట్టాన్ని సవరించారు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ ఆ ఏర్పాటు అలాగే ఉంది. పుట్టింటివాళ్ళు తమ అనుమానం నోటితో చెప్పి ఊరుకోకుండా రాతమూలకంగా ఇవ్వాలి. సినిమాలో మంజీత్ తల్లిని మొదట్లోనే ఒక్కరైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఆ ఫ్లాట్‌కి అంత తక్కువ అద్దె ఉండేదే కాదు.

ఒక విషయంలో మాత్రం ఈ సినిమాలతో నాకు పేచీ ఉంది. అన్నిట్లోనూ డాక్టరు తెల్లమొహం వేస్తాడు, మంత్రం వేసేవాళ్ళు గెలుస్తారు. కథకి అది రుచి, కాదనను. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" సీరియల్ వారం వారం వస్తున్న రోజుల్లో దాని పేరు చెబితే పిల్లలు అన్నం తినేసేవారు. కాని ఇంట్లో నిజంగా ఒక అమ్మాయి రాత్రిళ్ళు లేచి నడుస్తుంటే? నిద్రలో నడక ఒక జబ్బు, గాఢనిద్రలో మెదడు సగం మేలుకోవడం వల్ల వచ్చేది. తెల్లారితే వాళ్ళకి జ్ఞాపకం ఉండదు. నిద్ర చాలకపోయినా, మనసు నలిగినా ఎక్కువవుతుంది. మెలకువ వచ్చి ఒళ్ళు కదలక, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం మరొకటి, చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే.

అన్నిటికన్నా ముఖ్యం బాలింతల సంగతి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో, వెయ్యిమందిలో ఒకరిద్దరికి మతి చలించినట్టవుతుంది. నిద్రపోరు, లేనివి వినిపిస్తున్నాయంటారు, బిడ్డ నాది కాదంటారు. "గాలి సోకింది, పురిటి మైల మీద బయటికొచ్చింది" అని తాయెత్తులు కట్టి, వేపమండలతో కొట్టి, మూడు అమావాస్యలు చూస్తామంటే ఈలోగా తల్లికీ బిడ్డకీ ప్రాణాపాయం. ఇది ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళవలసిన జబ్బు. మందుతో తగ్గుతుంది. మనసుకి సంబంధించిన ఏ బాధకైనా 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడి దారి చెబుతారు, డబ్బులు అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా చెయ్యిచేసుకుంటున్నారంటే 181. ఈ రెండు నంబర్లూ గోడ మీద క్యాలెండరు మూల రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మళ్ళీ అద్దె ఇంటికి వద్దాం. జపాన్‌వాళ్ళకి ఈ విషయంలో ఒక పద్ధతి ఉంది. హత్యో, ఆత్మహత్యో జరిగిన ఇంటిని వాళ్ళు ప్రత్యేకంగా ఒక పేరుతో పిలుస్తారు, అద్దె కూడా తగ్గుతుంది. అద్దెకిచ్చేటప్పుడు సుమారు మూడేళ్ళపాటు ఆ సంగతి వచ్చేవాళ్ళకి చెప్పాలని 2021లో ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ముసలితనంతో మామూలుగా పోయినవాళ్ళ గురించి చెప్పనక్కర్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో కూడా మూడేళ్ళలోపు జరిగిన మరణం గురించి చెప్పి తీరాలి. అంతకుముందుదైనా, సూటిగా అడిగితే అబద్ధం చెప్పకూడదు. దయ్యాలున్నాయని నమ్మి చేసిన చట్టాలు కావివి. ఉండబోయే మనిషికి తెలుసుకునే హక్కుందని చేసినవి. మన అద్దె కాగితంలో రంగు ఎవరు వేయించాలి, గోడకి మేకు కొట్టచ్చా, మాంసం వండచ్చా, నెల ముందు చెప్పాలా, అన్నీ రాసుకుంటాం. ఇది రాసుకోం.

రాసుకోకపోతే పోనీ, అడగచ్చు కదా. రాజమండ్రిలోనూ కాకినాడలోనూ భీమవరంలోనూ మండువా ఇళ్ళు పడగొట్టిన స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. అరుగులూ పోయాయి, అరుగు మీది మామ్మగారూ పోయారు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు వేరే ఉన్నారు. ఇల్లు చూడ్డానికి మగవాళ్ళని ఒక్కళ్ళనే పంపకండి, మీరు కూడా వెళ్ళండి. బ్రోకరు చెప్పేదంతా వినండి, విని కిందికి రండి. వాచ్‌మన్ భార్యతో రెండు నిమిషాలు మాట్లాడండి. ఎదురింటి తలుపు తట్టి మంచినీళ్ళు అడగండి. మూడు నాలుగిళ్ళలో పనిచేసే మనిషి లిఫ్టు దగ్గర కనపడుతుంది, ఆవిణ్ణి అడగండి: ముందు ఎవరుండేవారు, ఎందుకు ఖాళీ చేశారు? అప్పుడు తెలిసేది సాధారణంగా దయ్యం సంగతి కాదు. వేసవిలో నీళ్ళు రావని తెలుస్తుంది. ఇంటి ఓనరు వేళాపాళా లేకుండా తలుపు కొడతాడని తెలుస్తుంది. పై వాటాలో ఆయన తాగొచ్చి భార్యని కొడతాడని తెలుస్తుంది. ముందున్న అమ్మాయి ఒంటరిది, ఎవరో వెంటపడితే భయపడి వెళ్ళిపోయిందని తెలుస్తుంది. సినిమా దయ్యం కన్నా ఇవే మనకి ఎక్కువ అవసరం.

2022 నవంబరులో "మసూద" అనే తెలుగు చిత్రం వచ్చింది. సాయికిరణ్ దర్శకుడు. హైదరాబాదులో అపార్ట్‌మెంట్. సంగీత వేసిన నీలం అనే ఆవిడ బడిపంతులమ్మ. భర్త పెట్టే బాధలు పడలేక విడిగా వచ్చేసి, కూతురు నాజియాతో ఉంటుంది. ఒకరాత్రి నుంచి ఆ పిల్ల తీరు మారిపోతుంది. మిగతాది మామూలే, తావీదులు, సమాధులు, పాత పగలు. ద్వితీయార్ధం కాస్త సాగదీశారని కూడా చెప్పాలి. కాని ఆ ఒంటరి తల్లికి భర్త లేడు, అత్తమామలు లేరు, వీధి అరుగు లేదు. పక్క వాటాలో గోపి అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడున్నాడు. తిరువీర్ వేశాడు ఆ వేషం. పిరికివాడు, గట్టిగా మాట్లాడితే బెదిరిపోయే రకం. ఆవిడ ఎందుకు భయపడుతోందో వాడికి అర్థం కాదు, నమ్మకం కూడా సరిగ్గా కుదరదు. వాడికే కాళ్ళు వణుకుతుంటాయి. అయినా అర్ధరాత్రి ఆవిడ పిలిస్తే తలుపు తీసుకుని వెళ్తాడు.